పదకొండు మిషన్ల జప్తు

జిగురు పొంగకముందే స్టవ్ మీంచి దించాలి. మైదాపిండిని చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నటి మంట మీద తిప్పుతూ, అంచుల్లో బుడగలు రాగానే చిటికెడు మైలుతుత్తం వేసి దించేస్తే వారం రోజుల దాకా పురుగు పట్టదు. ఈ విద్యలో అమీనాను మించినవాడు కోర్టు మొత్తంలో లేడు. కోర్టు కాగితాలు పుచ్చుకోని వాళ్ళ తలుపులకు వాటిని అంటించి రావడం, డబ్బు కట్టని వాళ్ళ సామాను జప్తు చేసి తీసుకురావడం కోర్టు అమీనాగా ఆయన ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. ఆయన అంటించిన నోటీసు పీకితే తలుపు రంగు కూడా ఊడి వచ్చేది. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని జిగురు బాబాయి అంటారు.

"మళ్ళీ నా పాలగిన్నేనా?" వెనక నుంచి భార్య గొంతు వినిపించింది.

"కడిగి పెడతాలే."

"కడిగినా ఆ విషం పోతుందా? ఇవాళ పాలు అందులోనే కాస్తాను, ముందు మీరే తాగండి. తర్వాత మీ కోర్టువాళ్ళు వచ్చి నాకు నోటీసు అంటిస్తారు."

అమీనా గిన్నె మీంచి చూపు తిప్పలేదు. తిప్పుతున్న గరిటె ఆపితే అడుగంటుతుంది. ఆయన సన్నటి మనిషి. చెవుల మీద తెల్ల వెంట్రుకలు, ఒక భుజం కొంచెం కిందకి, అది సంచి మోసే భుజం. చొక్కా జేబులో మూడు పెన్నులు ఉండేవి. ఒకటి తను రాసుకోడానికి, ఒకటి జనానికి సంతకాలకు ఇవ్వడానికి, మూడోది ఆ రెండోది తిరిగి రాకపోతే వాడడానికి.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క అబద్ధపు రిపోర్టు రాయలేదన్నది ఆయనకున్న ఒకే ఒక గొప్ప. అలాగని ఆయన కఠినుడేమీ కాదు. నోటీసు ఇవ్వవలసిన వీధి మలుపులోనే సైకిల్ బెల్లు నాలుగుసార్లు గట్టిగా కొట్టేవాడు. అక్కడే దిగి, గొలుసు చూసుకుని, ప్యాంటు మడత సరిచేసుకుని, అప్పుడు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చేవాడు. ఆ లోపల దాక్కోదలచుకున్న వాళ్ళు దాక్కునేవారు. తలుపు తట్టి "ఉన్నారా?" అంటే "లేరు" అనేవారు. "మనిషి కనపడలేదు" అని రిపోర్టు రాసేవాడు. నిజమే కదా, కనపడలేదు. ఒకసారి ఒకాయన కర్టెన్ వెనక దాక్కుని పాదాలు రెండూ బయటే పెట్టుకుని నిలబడ్డాడు. అమీనా చాలాసేపు ఆలోచించి ఆ రోజు కూడా "మనిషి కనపడలేదు" అనే రాశాడు. పాదాలను మనిషి అనరని ఆయన వాదన.

ఈ రోజు సంచిలో ఉన్నది మాత్రం నోటీసు కాదు, జప్తు వారెంటు. దానికి బెల్లు కొట్టినా లాభం లేదు. మనిషి దాక్కోగలడు గానీ సామాను దాక్కోలేదు.

"ఎవరి మీద?" అంది భార్య, గిన్నె లాక్కుంటూ.

"టైపు మాస్టారి మీద. దావా వేసేనాటికి రెండేళ్ళ అయిదు నెలల అద్దె బాకీ."

ఆవిడ చెయ్యి ఆగింది. తర్వాత పెదవి విరిచింది. "మిమ్మల్ని మూడుసార్లు టైపు పరీక్ష తప్పించినాయనే కదా? బాగానే ఉంది. మా నాన్న నన్ను టైపిస్టు గుమాస్తాకి ఇస్తున్నానని ఊరంతా చెప్పుకుని అమీనాకి ఇచ్చాడు. ఆ కక్ష ఇవాళ తీర్చుకుని రండి."

"తప్పించింది ఆయన కాదు, పరీక్షవాళ్ళు," అన్నాడు అమీనా. ఇన్నేళ్ళలో ఈ మాట ఆయన కొన్ని వందలసార్లు అని ఉంటాడు. నిజానికి తప్పించింది ఆయన చిటికెన వేళ్ళు. మిగతా ఎనిమిది వేళ్ళూ చెప్పిన మాట వినేవి. ఆ రెండూ చెరో పక్కన బిగుసుకుని, పెళ్ళిలో అలిగిన బంధువుల్లా ఏ పనికీ వచ్చేవి కావు. టైపు సర్టిఫికెట్ ఉంటే గుమాస్తా అయ్యేవాడు, ఫ్యాన్ కింద కూర్చునేవాడు. లేదు కనుక ఎండలో సైకిల్ తొక్కుతున్నాడు.

ఆయన వెళ్ళేసరికి ఇంటాయన గేటు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళివారి కోసం చూస్తున్న ఆడపిల్ల తండ్రిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. పక్కనే సామాను ఎక్కించడానికి ఒక ట్రాలీ రిక్షా. దాని తాలూకు మనిషి సీటు మీద కాళ్ళు ముడుచుకుని నిద్రపోతున్నాడు.

"వచ్చారా! నాలుగేళ్ళండీ అమీనా గారూ, నాలుగేళ్ళు!" ఇంటాయన గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టాడు. "మొదట మర్యాదగా అడిగాను. తర్వాత ప్లీడరు చేత నోటీసు ఇప్పించాను. దానికి ఆయన జవాబు రాశాడు, మీ ప్లీడరు గారి నోటీసులో ఏడు టైపు తప్పులున్నాయి, దిద్ది పంపుతున్నాను అని! ఒళ్ళు మండి నీళ్ళు ఆపేశాను. ఆపితే నా మీదే ఎదురు కేసు పడుతుందని మా ప్లీడరు నాకే చీవాట్లు పెట్టాడు. తాళం వేస్తానంటే, వేస్తే నువ్వే లోపలికి పోతావన్నాడు. దావా వేశాను. డిక్రీ వచ్చింది. కాగితం వచ్చింది గానీ కాసు రాలేదు. ఇదుగో ఇప్పుడు జప్తు. ప్లీడరుకి ఇచ్చింది లెక్క చూసుకుంటే, ఆయన చేత అద్దె కట్టించుకునే బదులు నేనే ఆయనకి అద్దె కట్టినా చవకయ్యేది!"

ఆయన బాధలో అబద్ధం లేదు. మాస్టారు టైపు నేర్పే ఆ ముందుగది అద్దె మీదే ఇంటిపన్నూ, భార్య మోకాళ్ళ మందులూ నడవాలి. నాలుగేళ్ళలో ఆయన కోర్టు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, చట్టం మీద మంచి పట్టు సంపాదించి, జుట్టు సగం పోగొట్టుకున్నాడు.

ముందుగది తలుపు తెరిచే ఉంది. టైపు మాస్టారు లోపల తన ఎత్తు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఉతికిన తెల్లచొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, పరీక్షకు వచ్చిన ఇన్‌స్పెక్టరులా నిటారుగా ఉన్నాడు. గోడవారగా పొడుగు బల్లలు, వాటి మీద వరుసగా పదకొండు టైపు మిషన్లు. ప్రతిదానికీ నల్ల రెక్సిన్ తొడుగు. మూలన మడతమంచం, చుట్టిన పరుపు, ఒక స్టవ్, మూడు గిన్నెలు. గోడకు ఆగిపోయిన గడియారం.

ఇంటాయన చూపు కాఫీ గ్లాసు మీద పడింది. ముఖం కందగడ్డ అయింది. "ఏమే!" అని పైకి చూసి కేక వేశాడు. "జప్తు రోజున కూడా కాఫీ పంపావా?"

"జప్తయితే మాత్రం పొద్దున్నే మనిషి గొంతు తడవద్దూ?" మేడమెట్ల మీంచి ఇంటావిడ నెమ్మదిగా, ఒక్కో మెట్టూ పట్టుకుని దిగుతూ అంది. "మీరు కేసు వేసింది మాస్టారి మీద. నేనేం వెయ్యలేదుగా."

మాస్టారు ఖాళీ గ్లాసు కింద పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని అమీనాను చూశాడు. "ఏరా, నువ్వా! చిటికెన వేళ్ళవాడివి."

ఏభై ఏడేళ్ళ అమీనా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "అవునండి మాస్టారూ."

"పని మీద వచ్చావు కదా, కానివ్వు. నిలబడి రాయకు, అక్షరం పాడవుతుంది. ఆ బల్ల దగ్గర కూర్చో."

అమీనా ఫారం తీశాడు. చట్టం కొన్నింటిని ముట్టుకోనివ్వదు. కట్టుకున్న బట్టలు, వండుకునే గిన్నెలు, పడుకునే పక్క, చేతి వృత్తి పనిముట్లు. అవి పోగా మిగిలినదే జప్తు. మడతమంచం పోయింది, స్టవ్ పోయింది, గిన్నెలు పోయాయి. గడియారం రాసుకున్నాడు. ఇక మిగిలినవి మిషన్లు.

"పనిముట్లు," అన్నాడు మాస్టారు.

"ఏం పనండీ?" ఇంటాయన ఈ ప్రశ్న కోసమే నాలుగేళ్ళుగా కాచుక్కూర్చున్నాడు. బల్ల మీదున్న విద్యార్థుల హాజరుపట్టీ తీసి తెరిచాడు. "చూడండి అమీనా గారూ, ఆయన సొంత పట్టీయే. చివరి విద్యార్థి సంతకం చేసి పద్నాలుగు నెలలైంది. వృత్తి నడవకపోతే అవి పనిముట్లెలా అవుతాయి? ఉత్త ఇనుము. మా ప్లీడరు చెప్పాడు, మీ ఫారంలో దానికో గడి కూడా ఉందట."

గడి ఉంది. అమీనా వేలు దాని మీదే ఆగింది. 'బాకీదారు వృత్తి ప్రస్తుతము సాగుచున్నదా?' దానికింద ఒక గీత. సాగుట లేదు అని రెండు ముక్కలు రాస్తే చాలు, ఇంకో అరగంటలో పదకొండు మిషన్లూ రిక్షా ఎక్కుతాయి. వేలానికి వెళ్తే పాత ఇనుము కొనేవాడు తప్ప ఎవడూ పాడడు. రాసేది పచ్చి నిజం. అబద్ధం రాయమని ఎవరూ అడగలేదు, మాస్టారు అసలే అడగలేదు.

మాస్టారు పట్టీ వంక కూడా చూడలేదు. "ఆయన చెప్పింది నిజమే," అన్నాడు. "పద్నాలుగు నెలలైంది. రోజూ తొడుగులు తీసి నూనె వేసి మళ్ళీ కప్పుతున్నాను. ఎవరైనా నేర్చుకోవాలని వస్తే తలుపు మూసి ఉండకూడదు కదా." గొంతులో ఏ మార్పూ లేదు. చేతిలో తుడుపు గుడ్డ మాత్రం బాగా నలిగింది.

అమీనా కలం మూత పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఆయన జీవితంలో ఇంత కష్టమైన ప్రశ్న ఏ ఫారమూ అడగలేదు. అబద్ధం రాయలేడు, నిజం రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇక మిగిలింది ఒకటే దారి. నిజాన్నే మార్చాలి.

"మాస్టారూ," అన్నాడు లేచి నిలబడి, "నెల ఫీజు ఎంతండి ఇప్పుడు?"

"ఎవరికి?"

"నాకేనండి. పాఠం అప్పట్లో సగంలో వదిలేశాను."

బయట రిక్షావాడి గురక వినిపించింది. ఇంటాయన నోరు వెళ్ళబెట్టాడు. ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోడానికే అయి ఉండాలి. అమీనా జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టి, హాజరుపట్టీ తన వైపు తిప్పుకుని, పద్నాలుగు నెలల ఖాళీ కింద తేదీ వేసి సంతకం చేశాడు. మాస్టారు ఆ డబ్బునూ ఆయన ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత డ్రాయరు లాగి రసీదు పుస్తకం తీశాడు.

"రసీదు లేకుండా ఈ ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరూ కూర్చోలేదు," అన్నాడు.

"ఇది మోసం!" ఇంటాయన అరిచాడు. "పట్టపగలు మోసం! మీరు కోర్టు మనిషా, ఆయన మనిషా?"

"కోర్టు మనిషినేనండి. ఇప్పుడు కూడా. పాఠం నేర్చుకోకూడదని కోర్టు ఎక్కడా అనలేదు," అన్నాడు అమీనా. ఫారం ఆయన వైపు తిప్పాడు. "అభ్యంతరం ఉంటే కింద రాయండి, అందుకూ చోటుంది."

మాస్టారు పదకొండో మిషను తొడుగు తీశాడు. కాగితం ఎక్కించి, అంచు సరిచేసి, పక్కన నిలబడ్డాడు. "వేళ్ళు. ఎడమ నాలుగు ఇక్కడ, కుడి నాలుగు ఇక్కడ. కిందకి చూడకు. ఏ, ఎస్, డీ, ఎఫ్."

'ఏ' అంటే ఎడమ చిటికెన వేలు. అమీనా గుండె రాయి చేసుకుని కొట్టాడు. అక్షరం సగమే పడింది.

"చచ్చిన ఈగ వాలినట్టుంది. మళ్ళీ."

మళ్ళీ కొట్టాడు. ఇరవై నిమిషాలు ఏ, ఎస్, డీ, ఎఫ్. మధ్యలో రెండుసార్లు ఆయన మణికట్టు కిందకు జారితే మాస్టారు స్కేలుతో తట్టాడు. వెనకే నిలబడ్డ ఇంటాయన కక్కలేక మింగలేక చూస్తూ, అయిదో వరుసలో "అక్కడ డీ రెండుసార్లు పడింది" అని తనకు తెలియకుండానే అనేశాడు. అని నాలుక కరుచుకున్నాడు.

తర్వాత అమీనా తన కలం తీసి గడి నింపాడు. 'సాగుచున్నది. ఒక విద్యార్థి అభ్యాసము చేయుచుండగా స్వయముగా చూచితిని.' ఎదురింటి ఇస్త్రీ అతన్ని పిలిచి సాక్షి సంతకం తీసుకున్నాడు. ఇంటాయన 'తీవ్ర అభ్యంతరముతో' అని రాసి, కోపంలో రెండో పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. జప్తయిన ఆస్తి మొత్తం ఒక గోడగడియారం, నడవదు. రిక్షావాడు లేచి, దాన్ని ఖాళీ ట్రాలీ మధ్యలో పెట్టుకుని కోర్టుకు బయలుదేరాడు.

కోర్టులో అమీనాల పై అధికారి నాజర్ రిపోర్టు చదివి, కళ్ళద్దాల మీంచి చూశాడు. "ఎవరు బాబాయ్ ఆ విద్యార్థి? ఈ రోజుల్లో టైపు నేర్చుకునే వెర్రివాడు కూడా ఉన్నాడా?"

"ఉన్నాడండి ఒకడు," అన్నాడు అమీనా. చెవులు ఎర్రబడ్డాయి. నాజర్ ముద్ర వేసి ఫైల్లో పడేశాడు.

కాగితంలో ఒక్క అబద్ధం లేదు. అయినా ఆ మధ్యాహ్నమంతా అమీనాకు తిండి సహించలేదు. తాను పాఠానికి వెళ్ళడం మానిన రోజున ఆ రిపోర్టు అబద్ధమైపోతుందని గుర్తొచ్చింది. అంటే ఇక రోజూ వెళ్ళాలి. రిటైరయ్యేదాకా, ఆ తర్వాత కూడా. ఆశ్చర్యం ఏమిటంటే ఆ ఆలోచన ఆయనకు బరువుగా తోచలేదు. దారిలో సైకిల్ హ్యాండిల్ మీద చిటికెన వేళ్ళు ఆడించి చూసుకున్నాడు. ఈసారి పరీక్షకు కూడా కూర్చోవచ్చు, భార్యకు చెప్పకుండా.

సాయంత్రం అయిదింటికి ఆఫీసు వదలగానే నేరుగా పాఠానికి వచ్చాడు. అలవాటు కొద్దీ మలుపులో బెల్లు కొట్టాడు. ముందుగది తలుపు తెరిచి ఉంది. ఎత్తు కుర్చీ ఖాళీగా ఉంది. మూలన మడతమంచం లేదు, పరుపు లేదు. ఇంటాయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో తాళంచెవి.

"వెళ్ళిపోయాడయ్యా," అన్నాడు. 'గారు', 'అండీ' అన్నీ మరిచిపోయాడు. "మీరు వెళ్ళిన గంటకి ఆటో పిలిపించుకున్నాడు. చెల్లెలు ఎప్పటినుంచో రమ్మంటోందట. పైకి వచ్చి మా ఆవిడకి గ్లాసు కడిగి ఇచ్చాడు. నాకు ఇది ఇచ్చాడు." తాళంచెవి చూపించాడు. "నేను నాలుగేళ్ళు కోర్టుని అడిగింది ఇదేనయ్యా. చేతిలో పెట్టి, చాలా ఇబ్బంది పెట్టాను అన్నాడు. మీకో కాగితం ఉంది."

మడిచిన కాగితం. టైపు చేసినది, అంచులు సూటిగా, ఒక్క తప్పు లేకుండా.

'చిరంజీవి విద్యార్థికి. ఎవరైనా నేర్చుకోడానికి వస్తారేమోనని ఇన్నాళ్ళు తలుపు తెరిచి కూర్చున్నాను. ఇవాళ ఒకడు వచ్చాడు. నేర్చుకోడానికి కాదు, నన్ను కాపాడడానికి. నా మూలంగా నువ్వు రోజూ నీ మాట నిలబెట్టుకోవలసి వస్తుంది. అది నేను చూడలేను. ఇంటాయన మంచివాడు, ఆయనకు రావలసింది ఆయనకు చేరాలి. పది మిషన్లు ఆయనకే. కోర్టు పట్టుకుపోతే అది జప్తు, నేను ఇస్తే అది అద్దె. నీ ఫీజు తిరిగి ఇవ్వడం లేదు. ఇస్తే నువ్వు విద్యార్థివి కాకుండా పోతావు, నీ రిపోర్టు అబద్ధమవుతుంది. పదకొండోది నీది. ఎడమ చిటికెన వేలు కొంచెం మెరుగుపడింది. మానకు.'

అమీనా రెండుసార్లు చదివాడు. రెండోసారి అక్షరాలు అలుక్కుపోయాయి. ఆయనకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. కాపాడదామనుకున్నాడు. నిజాన్ని మార్చగలిగాడు గానీ మనిషిని ఆపలేకపోయాడు. తను ఆ గడిలో ఊరికే రెండు ముక్కలు రాసి ఉంటే, మిషన్లు పోయినా మాస్టారు ఇక్కడే, తన కుర్చీలోనే ఉండేవాడేమో. ఆ సంగతి ఇక ఏ ఫారమూ చెప్పదు.

ఇంటాయన కూడా ముక్కు తుడుచుకున్నాడు. "నాలుగేళ్ళలో ఒక్కసారి గొంతు పెంచలేదు. నేనే అరిచేవాణ్ణి." తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పుతూ, "ఇక ఎవరి మీద వెయ్యనయ్యా కేసు?" అన్నాడు. పొద్దున్న పెట్టేసుకున్న పెన్ను గుర్తొచ్చి జేబులోంచి తీసి ఇచ్చాడు.

మెట్ల మీంచి ఇంటావిడ అలవాటుగా కాఫీ పట్టుకుని దిగి, గుమ్మంలో ఆగి, ఎవరికివ్వాలో తెలియక నిలబడిపోయింది. చివరికి ఆ గ్లాసు అమీనా చేతిలో పెట్టింది. ఆయన తాగాడు. తర్వాత బల్ల ముందు కూర్చుని, ఎవరూ అడగకుండానే ఇరవై నిమిషాలు ఏ, ఎస్, డీ, ఎఫ్ కొట్టాడు. ఇంటాయన పక్కనే నిలబడి చూశాడు. తప్పులు చెప్పలేదు.

మిషను సైకిల్ మీద పట్టదు. "ఉండనీ, తొందరేముంది," అన్నాడు ఇంటాయన. "గది ఖాళీగానే ఉందిగా. రేపు సాయంత్రం వస్తారుగా." అమీనా తల ఊపి బయటకు నడిచాడు. ఇంటాయన తలుపు దగ్గరికి వేశాడు గానీ తాళం వేయడానికి చెయ్యి రాలేదు. లోపల, బల్ల చివర, కాగితం ఎక్కించి ఉన్న పదకొండో మిషను, దాని మీద మాస్టారు నాలుగు మూలలూ సరిచూసి కప్పి వెళ్ళినట్టే మళ్ళీ కప్పిన నల్ల తొడుగు.